ఫ్రిస్కోలో మొదటి ఏడాదే ఇల్లు కొనొచ్చా? సలహా కావాలి

డాలస్ నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఈమధ్యే హెచ్‌-1బి (ఉద్యోగ వీసా) మీద గుంటూరు నుంచి వచ్చాను. మా ఆవిడ హెచ్‌-4 (నా వీసా మీద ఆధారపడే కుటుంబ వీసా) మీద ఉంది. ఆఫీసులో మనవాళ్లు చాలామంది డాలస్ శివార్లలోని ఫ్రిస్కోలో ఇళ్లు కొనేశారు. అద్దె కట్టే బదులు అదే డబ్బు బ్యాంకుకి కడితే ఇల్లు మనదవుతుంది కదా అంటున్నారు. ఫోన్ చేసినప్పుడల్లా నాన్నగారిదీ ఇదే మాట. పెద్దవాళ్లు ఏమంటారు?

న్యూజెర్సీ నుంచి జవాబు:

ఇప్పుడే వద్దండి. గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగమనడం లేదు, ఇండియాలో పుట్టినవాళ్లకి ఆ క్యూ ఎంత పొడుగో అందరికీ తెలిసిందే. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ మీ తరఫున వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యేదాకా, డౌన్ పేమెంటు కాకుండా విడిగా ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండేదాకా ఆగండి.

మీ వీసా మీ ఉద్యోగంతో ముడిపడి ఉంది. ఉద్యోగం పోతే మీకు దొరికేది మహా అయితే 60 రోజులు, ఐ-94 (ఈ దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు ముందే తీరిపోతుంటే అంతకన్నా తక్కువ. ఆలోపు ఇంకో కంపెనీ మీకోసం పిటిషన్ వేయాలి, లేదా మీరు స్టేటస్ మార్పుకి అప్లై చేయాలి, అదీ కాకపోతే సామాను సర్దుకోవాలి. ఇంటి లోనేమో 30 ఏళ్లది.

ఆర్థర్ మిల్లర్ 1949 నాటి నాటకం 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' వీలుంటే చదవండి. అమెరికన్ డ్రీమ్ అనగానే అందరూ ఫిట్జ్‌జెరాల్డ్ నవలలోని కోటీశ్వరుడు గాట్స్‌బీ పేరే ఎత్తుతారు. నెల జీతం మీద బతికే మనకి దగ్గరివాడు మాత్రం ఈ విల్లీ లోమన్. బ్రూక్లిన్‌లో ఇల్లు, 25 ఏళ్ల అప్పు. అతను ఊళ్లు తిరిగి ఇంటికి రాగానే భార్య లిండా లెక్క చెబుతుంది: వాషింగ్ మెషిన్‌కి 9 డాలర్ల 60 సెంట్లు, వాక్యూమ్ క్లీనర్‌కి మూడున్నర, ఇంటి కప్పుకి ఇంకా 21 బాకీ. వాయిదాలు తీరేలోపే వస్తువులు పాడవుతుంటాయి. 63 ఏళ్ల వయసులో ఇక తిరగలేనని, న్యూయార్క్‌లోనే పని ఇమ్మని యజమాని దగ్గరికి వెళ్తాడు. వారానికి 65 డాలర్లు చాలంటాడు, తర్వాత 50 అంటాడు, చివరికి 40కి దిగుతాడు. తండ్రి కాలం నుంచి తమ దగ్గరే పనిచేసిన ఆ మనిషిని, ఆ కుర్ర యజమాని అప్పటికప్పుడే తీసేస్తాడు. ఇన్సూరెన్సు డబ్బు ఇంటికి వస్తుందని విల్లీ ప్రాణం తీసుకుంటాడు. ఇంటి ఆఖరి వాయిదా ఈరోజే కట్టానని సమాధి దగ్గర లిండా చెప్పే చోట నాకు ప్రతిసారీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

'అమెరికన్ డ్రీమ్' అన్న మాటకి ప్రచారం తెచ్చిన జేమ్స్ ట్రస్లో ఆడమ్స్, 1931లోనే, అది కార్లు, పెద్ద జీతాల కల మాత్రమే కాదని రాశాడు. పుట్టుకతో పని లేకుండా ప్రతి మనిషీ తన శక్తి మేరకు ఎదగగలగడం అతను చెప్పిన కల. ఇల్లు కొనలేదని మీరేమీ వెనకబడిపోరు. ఈ మాట నాన్నగారికి కూడా చెప్పండి.

ఇక అద్దె, వాయిదా ఒకటే అన్న లెక్క తప్పు. మొదటి ఏళ్లలో మీరు కట్టేదాంట్లో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. 20 శాతం కంటే తక్కువ డౌన్ పేమెంటు పెడితే మామూలుగా పీఎంఐ (మీరు అప్పు కట్టలేకపోతే బ్యాంకు నష్టపోకుండా మీ ఖర్చుతో తీసుకునే బీమా) కూడా పడుతుంది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు, ఆ లోటు ప్రాపర్టీ ట్యాక్స్‌లో తెలుస్తుంది. కొత్తగా కట్టిన ఇల్లయితే ఇంకా జాగ్రత్త: జనవరి 1కి అక్కడ ఖాళీ స్థలమే ఉంటే ఆ ఏడాది పన్ను స్థలానికే పడుతుంది. మరుసటి ఏడాది ఇంటితో కలిపి లెక్కగడతారు, ఎస్క్రో (పన్ను, ఇన్సూరెన్సుల కోసం లోను వాయిదాతో పాటు నెలనెలా తీసుకునే సొమ్ము) పెరిగి నెలవారీ చెల్లింపు ఒక్కసారిగా ఎగబాకుతుంది. బిల్డర్ చూపించే కాగితం మీది అంకె చూసి సంతకం పెట్టకండి.

హ్యూస్టన్ నుంచి జవాబు:

తమ్ముడూ, అన్నగారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మీ ఆవిడకి కూడా జీతం వస్తుందని లెక్కేసుకుని ఇల్లు చూడకు. హెచ్‌-4 మీద పని చేయాలంటే ఈఏడీ (పని అనుమతి కార్డు) కావాలి. నీ ఐ-140 అప్రూవ్ అయ్యాకనో, నీ హెచ్‌-1బికి ఆరేళ్లు దాటి పొడిగింపు వచ్చాకనో గానీ దానికి అప్లై చేయలేరు. చదువుకుని, ఉద్యోగం చేసి వచ్చిన అమ్మాయి ఇంట్లో ఖాళీగా కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. పెద్ద ఇల్లు తెచ్చి ఆ కష్టాన్ని కప్పెట్టలేం. దగ్గర్లో కమ్యూనిటీ కాలేజీ ఉంటే కోర్సుల్లో చేరమను, హెచ్‌-4 మీద చదువుకోవచ్చు. డ్రైవింగ్ లైసెన్సు వెంటనే తీయించు.

ఆ నాటకంలోనే విల్లీ వారం వారం పక్కింటి చార్లీ దగ్గర 50 డాలర్లు అప్పు తెచ్చి, అదే జీతమని భార్యకి ఇస్తుంటాడు. మన దగ్గరా ఉద్యోగం పోయిన సంగతి భార్యకి చెప్పకుండా, పొద్దున్నే లాప్‌టాప్ బ్యాగు పట్టుకుని బయటికెళ్లేవాళ్లు ఉన్నారు. నువ్వలా చేయకు. బ్యాంకు అకౌంటు, వీసా కాగితాలు, ఐ-94 తేదీలు అన్నీ మీ ఆవిడకి కూడా తెలిసి ఉండాలి.

సోమవారం చేయాల్సిన పని ఒకటుంది. పర్మ్ (ఐ-140కి ముందు కార్మిక శాఖ దగ్గర తెచ్చుకోవాల్సిన ధ్రువీకరణ) ఎప్పుడు మొదలుపెడతారో హెచ్‌ఆర్‌ని అడుగు. మాటవరసకి చెప్పింది నమ్మకు, ఈమెయిల్‌లో రాయించుకో.