అప్‌డేట్: 'వరన్' అసలు జపనీస్ వెర్షన్ దొరికింది!

1958లో ఇషిరో హోండా తీసిన బ్లాక్ అండ్ వైట్ రాక్షస సినిమా 'వరన్' జపనీస్ వెర్షన్ ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగాను కదా. దొరికింది! ఎక్కడ వెతికినా 1962 నాటి అమెరికన్ వెర్షనే తగిలేది. అందులో అమెరికా నటుడితో కొత్త సీన్లు తీసి అతికించి, అసలు సినిమాను చాలావరకు కోసేశారు. అకిరా ఇఫుకుబే సంగీతం కూడా చాలా భాగం పోయింది.

మీలో ఒకరు టోక్యో షాక్ అనే డీవీడీ సంస్థ 2005లో తెచ్చిన డీవీడీ చూడమన్నారు. పాత డిస్కులు అమ్మే ఒకాయన దగ్గర దొరికింది. డబ్బు కట్టేముందే అట్ట వెనక ఫొటో తెప్పించుకుని, జపనీస్ ఆడియో, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్నాయని చూసుకున్నాను. మీరూ అలాగే చేయండి, పేరొక్కటే చూసి కొనొద్దు.

వరన్ చర్మపు పొరలు చాచి ఎగిరే ఉడుతలా గాల్లోకి లేచే సీన్ అమెరికన్ వెర్షన్‌లో లేనే లేదు. అది చూస్తుంటే ఒళ్లు పులకరించింది. పారాచూట్‌లకు కట్టి పైనుంచి వదిలే లైట్లను వరన్ మింగేస్తోందని గమనించి, వాటికే పేలుడు పదార్థం కట్టి వదిలే క్లైమాక్స్ కూడా భలే ఉంది. హోండా సినిమాల్లో దీన్ని చాలామంది తక్కువ చేస్తారు. ఇఫుకుబే సంగీతంతో చూస్తే ఆ మాట అనలేరు.

సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండీ.