చెమటలో సన్‌స్క్రీన్ మళ్లీ ఎలా రాసుకుంటున్నారు?

మాది నెల్లూరు జిల్లా విడవలూరు. నాన్నగారి ముక్కు పక్కన వచ్చిన బేసల్ సెల్ అనే చర్మ క్యాన్సర్‌ను ఆపరేషన్ చేసి తీసేశారు. రొయ్యల చెరువుల దగ్గర పని మాత్రం ఆయన మానరు. పైన ఎండ, కింద నీళ్ల మీది నుంచి కొట్టే వెలుగు.

బయలుదేరే ముందు ఎండ నుంచి కాపాడే ఎస్‌పీఎఫ్ 50 క్రీము ముఖానికీ మెడకూ నేనే దగ్గరుండి రాయిస్తున్నాను. రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి కదా, చిక్కంతా అక్కడే. మేత చల్లిన చేతులు, ధారగా చెమట, క్రీము కళ్లలోకి కారి మంట. టోపీ పెట్టుకున్నా చెవులు, పెదవులు, మెడ వెనుక భాగం వదిలేస్తున్నారేమోనని నా భయం.

ఈ జబ్బు నుంచి బయటపడి ఎండలో పనిచేస్తున్నవారు దయచేసి చెప్పండి. చెమట తుడిచి, ఆరాకే రాస్తారా? జింక్ ఆక్సైడ్ క్రీము అయితే కళ్ల మంట తగ్గిందా? ఆపరేషన్ మచ్చ మీద ఇంకో పూత వేస్తారా? నా మాటకన్నా అనుభవించినవారి మాటే ఆయన వింటారు.