కొండల్లోని జాతీయ పార్కుల్లోకి సొంత కార్లు రాకుండా ఆపి, బస్సులే నడపాలా?

మలుపుబాట:

రద్దీ నెలల్లో కొండ పార్కుల్లోకి సొంత కార్లను రానివ్వకూడదని, పార్కు నడిపే బస్సుల్లోనే అందరూ కాలిబాటల మొదటికి చేరుకోవాలని నా వాదన. ఇది ఎక్కడా చేసి చూడని పని కాదు. అమెరికాలో యూటా రాష్ట్రంలోని జయాన్ పార్కులో 2000 నుంచి, బస్సులు తిరిగే నెలలన్నిటా లోయ రోడ్డు మీదికి మామూలు సందర్శకుల కార్లను పంపడం లేదు. అలాస్కాలోని డెనాలిలో 92 మైళ్ళ పార్కు రోడ్డు ఒక్కటే ఉంది, అందులో మొదటి 15 మైళ్ళు దాటాక కొద్ది మినహాయింపులు తప్ప 1972 నుంచీ బస్సులకే దారి. కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కు కథ వేరు. అక్కడ 1913లో కార్లను రానిచ్చారు, 1980 నాటి ప్రణాళికలో వాటిని లోయలోంచి చివరికి పూర్తిగా తీసేయాలని లక్ష్యం పెట్టుకున్నారు, ఆ లక్ష్యం ఇప్పటికీ నెరవేరలేదు.

కొండ లోయలో రోడ్డును వెడల్పు చేయడమంటే ఒక పక్క రాతిగోడనైనా తొలచాలి, లేదంటే ఇంకో పక్క నది గట్టునైనా తినేయాలి. పార్కింగ్ నిండిపోయాక వచ్చిన కారు వెనక్కి పోదు, నాలుగుసార్లు చుట్టు తిరిగి, చివరికి రోడ్డు వార గడ్డి మీద రెండు చక్రాలు ఎక్కించి ఆగుతుంది. మర్నాటికి ఆ చోట ఇంకో పది కార్లు నిలుస్తాయి, ఒక సీజను గడిచేసరికి అక్కడ గడ్డి ఉండదు, మట్టి గట్టిపడి వాననీరు ఇంకదు. బాట మీద ఎవరికైనా కాలు విరిగితే సాయానికి రావలసిన బండి ఆ వరుసల మధ్య ఇరుక్కుంటుంది. బస్సు కోసం పది నిమిషాలు నిలబడటం వీటన్నిటికంటే పెద్ద కష్టమని నేను అనుకోను.

తెల్లవారుజాము:

మలుపుబాట గారూ, మీరు రోడ్డు గురించి చెప్పినదంతా నిజమే, కానీ కొండ ఎక్కేవాడికి రోడ్డు కంటే గడియారం ముఖ్యం. రాకీ పర్వతాల్లో వేసవి మధ్యాహ్నాలు ఉరుములు, మెరుపులు మామూలు. చెట్లు ఆగిపోయిన ఎత్తు దాటాక మనిషి కంటే ఎత్తయినది ఏదీ ఉండదు కనుక, మధ్యాహ్నంలోపు శిఖరం దిగి చెట్లున్న ఎత్తుకు వచ్చేయాలన్నది అక్కడ అందరూ పాటించే నియమం. అక్కడి 14,259 అడుగుల లాంగ్స్ పీక్ శిఖరం ఎక్కేవాళ్ళు రాత్రి రెండింటికో మూడింటికో నెత్తిన లైటు పెట్టుకుని బయలుదేరేది అందుకే. అలాంటి చోటికి ఏడింటికి మొదటి బస్సు వేసి, కారు తేవద్దు అంటే, నడిచేవాణ్ణి సరిగ్గా పిడుగుల వేళకు గట్టు మీద నిలబెట్టినట్టే.

సాయంత్రం సంగతి నా అనుభవంలోంచి చెబుతాను, పార్కు పేరు చెప్పను. పదేళ్ళ మా అబ్బాయితో ఒక బాట దిగుతున్నాను. వాడి చెప్పు కొరికి మడమ మీద పొక్కు లేచి చితికింది, దాంతో గంటలో దిగవలసిన దూరానికి రెండున్నర గంటలు పట్టింది. మేము స్టాపుకు చేరేసరికి ఆఖరి బస్సు వెనక దీపాలు మలుపు తిరుగుతూ కనిపించాయి. వాడు ఒక చేత్తో నా బ్యాగు పట్టీ పట్టుకుని, చెప్పు విప్పిన కాలిని తారు మీద మెల్లగా మోపుతూ నడిచాడు. "నాన్నా, ఇంకెన్ని మలుపులు?" అని అడిగినప్పుడల్లా "రెండే" అన్నాను, అవి రెండు కావని నాకు తెలుసు. కారు ఉంటే అది పది నిమిషాల పని.

కార్లను ఆపకుండానే రద్దీని అదుపు చేసే దారి ఇంకొకటి ఉంది. లాంగ్స్ పీక్ ఉన్న రాకీ మౌంటెన్ పార్కులో 2020 నుంచి రద్దీ కాలంలో ముందుగా వేళ బుక్ చేసుకున్న బండ్లనే పంపుతున్నారు. ఆ పార్కులోని బేర్ లేక్ రోడ్డుకు ఆ నియమం ఉదయం ఐదు నుంచి సాయంత్రం ఆరు దాకానే, ఐదు కాకముందే వెళ్ళేవాళ్ళను ఆపరు. కొండ తీరు ఎరిగి చేసిన ఏర్పాటు అది.

ఊతకర్ర:

మా అమ్మకు డెబ్బై రెండేళ్ళు, మోకాళ్ళు అరిగాయి. కార్లు లేకపోతే పెద్దవాళ్ళు ఏమైపోతారని ప్రతి చర్చలోనూ ఎవరో ఒకరు అంటారు కనుక, ఆ పెద్దవాళ్ళ తరఫున రెండు మాటలు. జయాన్ బస్సుల్లో చక్రాల కుర్చీ ఎక్కించే ఏర్పాటు ఉంది, ఆఖరి స్టాపులో దిగితే రివర్‌సైడ్ వాక్ అనే చదునైన బాట మైలు పొడవున నది వెంట పోతుంది. అమ్మ అందులో సగం దాకా నడిచింది. కారులో వెళ్ళి ఉంటే పార్కింగ్ దొరక్క దూరంగా ఆపి, ఆ నడకంతా రోడ్డు మీదే అయిపోయేది. కాకపోతే బస్సు ఎక్కే ముందు ఎండలో క్యూ ఉంటుంది, ఆ క్యూలో కూర్చోడానికి బల్ల, నెత్తి మీద నీడ లేకపోతే బస్సులో ఎన్ని సౌకర్యాలున్నా మాకు ఉపయోగం లేదు.

మలుపుబాట:

తెల్లవారుజాము గారూ, మీ అబ్బాయి సంగతి చదివి బాధ కలిగింది. ఆ పార్కులో ఆఖరి బస్సు అయ్యాక వెనకబడినవారి కోసం ఇంకో బండి తిరగకపోవడం తప్పే. అయితే బస్సు ఉన్నందువల్లే సాధ్యమయ్యే నడకలు ఉన్నాయని మీరు ఒప్పుకోవాలి.

మోంటానాలోని గ్లేసియర్ పార్కులో హైలైన్ ట్రెయిల్ చూడండి. 6,646 అడుగుల ఎత్తున లోగన్ పాస్ దగ్గర మొదలవుతుంది. మొదట్లోనే కొండగోడకు చెక్కిన సన్నటి అరుగులాంటి బాట, చేత్తో పట్టుకోవడానికి గోడ పొడుగునా కేబుల్, కింద చాలా లోతున రోడ్డు. తర్వాత గడ్డి వాలుల మీదుగా 7.6 మైళ్ళు పోతే గ్రానైట్ పార్క్ షాలే అనే రాతి కట్టడం వస్తుంది, అక్కడి నుంచి నాలుగు మైళ్ళ పైగా దిగితే లూప్ అనే రోడ్డు మలుపు దగ్గర తేలతాం. మొత్తం 11.8 మైళ్ళు, మొదలు ఒక చోట, ముగింపు ఇంకో చోట. కారు లోగన్ పాస్‌లో వదిలినవాడు లూప్‌లో దిగి, ఎవరినైనా బతిమాలి ఎక్కాలి, లేదా సగం దారి నుంచి వెనక్కి తిరగాలి. 2007లో పార్కు ఉచిత బస్సులు మొదలుపెట్టాక, కారు అక్కరలేకుండా బాటను ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచే వీలు కలిగింది. డెనాలిలో ఇంకో అడుగు ముందుకు వేశారు. అక్కడ చాలా చోట్ల గీసిన బాటలే లేవు, మామూలు బస్సు ఎక్కినవారు నచ్చిన చోట ఆపించుకుని దిగి, గడ్డినేల మీద నడిచినంత సేపు నడిచి, రోడ్డు మీదికి వచ్చి తర్వాతి బస్సుకు చెయ్యెత్తవచ్చు.

గట్టుచివర:

మీరిద్దరూ రోడ్డు దగ్గరే ఆగిపోయారు. బస్సు రోడ్డు మీది రద్దీని తీసుకెళ్ళి బాట మీద దింపుతుంది. జయాన్‌లో జరిగింది అదే. బస్సులు వచ్చాక లోయ ప్రశాంతమైన మాట నిజం, పక్షుల కూతలు వినిపించే మాట నిజం. కానీ పార్కింగ్ స్థలం అంతకు ముందు తెలియకుండానే జనానికి ఒక హద్దుగా ఉండేది, ఆ హద్దు పోయింది. 2021లో ఆ పార్కుకు వచ్చినవారి సంఖ్య 50 లక్షలు దాటింది.

జయాన్‌లోనే ఏంజెల్స్ లాండింగ్ అనే ఎత్తయిన గట్టుకు పోయే బాట మీద దాని ఫలితం కళ్ళారా చూశాను. గ్రోటో స్టాపులో బస్సు ఆగుతుంది, ఒక బస్సెడు జనం ఒకేసారి దిగి వంతెన దాటి ఒకే బాట పడతారు, కాసేపటికి ఇంకో బస్సెడు. వాల్టర్స్ విగిల్స్ అనే 21 మెలికల దగ్గర వాళ్ళంతా కలిసిపోతారు. ఆ పైన స్కౌట్ లుకౌట్ అనే చోటు దాటాక సుమారు అర మైలు గట్టు, రాతికి బిగించిన గొలుసులు, పక్కన వెయ్యి అడుగుల లోతు. ఆ గొలుసు ఒక్కటే, ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ అదే. నేను వెళ్ళిన రోజు ఒక మలుపులో మా వరుస కదలక నిలిచిపోయింది. దిగివచ్చే ఒకామె గొలుసు వదిలి, మమ్మల్ని తప్పించుకోవడానికి అంచు వైపు నుంచి అడుగు వేసింది. ఆ అడుగు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ గట్టు ఎక్కడానికి లాటరీలో పర్మిట్ తెచ్చుకోవాలన్నారు, ఆ పని ఎప్పుడో చేసి ఉండవలసింది. యోసెమిటీలో హాఫ్ డోమ్ అనే రాతి శిఖరం ఎక్కే కేబుళ్ళకు అంతకు ముందే రోజుకు సుమారు 300 మంది అన్న పరిమితి వచ్చింది. కనుక కారా, బస్సా అన్న ప్రశ్న కంటే ముందు, ఏ బాట ఎంతమందిని మోయగలదు అన్నది తేల్చాలి.

మలుపుబాట:

గట్టుచివర గారి మాటతో నా వాదన మారింది. పార్కింగ్ స్థలమే కొలబద్ద అయితే, చీకటితో వచ్చి చోటు పట్టుకున్నవాడికే కొండ దక్కుతుంది, కనుక ఆ పాత హద్దును నేను తిరిగి కోరుకోను. అయితే బస్సు పెట్టి, బాటకు లెక్క పెట్టకపోతే జయాన్ గట్టు మీద జరిగినదే జరుగుతుంది. రెండూ ఒకేసారి నిర్ణయించాలి, జయాన్‌లోలాగా 2000లో బస్సు, 2022లో పర్మిట్ అని ఇరవై రెండేళ్ళ ఎడంతో కాదు.

తెల్లవారుజాము గారి అభ్యంతరానికి కూడా జవాబు ఇవ్వాలి. బస్సు వేళల పట్టిక అనేది బాటలో ఒక భాగమని నేను ఇప్పుడు అనుకుంటున్నాను. వంతెన కూలిన బాటను మూసేస్తాం. బాట మొత్తం నడిచి రావడానికి పన్నెండు గంటలు పట్టేచోట, మొదటి బస్సుకూ ఆఖరి బస్సుకూ మధ్య పదే గంటలు ఉంటే, ఆ బాటకు వంతెన కూలినట్టే లెక్క. అలాంటి బాట మొదటికి వెళ్ళే రోడ్డులో కార్లను ఆపే హక్కు పార్కుకు లేదు. బస్సు చీకటితో బయలుదేరి, పొద్దుపోయాక ఆఖరిగా ఒక బండి ప్రతి స్టాపు వెతుక్కుంటూ వచ్చేచోట మాత్రం కార్లను ఆపాలి. స్విట్జర్లాండ్ జాతీయ పార్కు 1914 నుంచి ఉంది, అక్కడ గీసిన బాట వదిలి అడుగు పక్కకు వేయనివ్వరు, కుక్కను తాడు కట్టి కూడా తీసుకుపోనివ్వరు. అంత కఠినమైన చోట కూడా పార్కు గుండా పోయే ఓఫెన్ కనుమ రోడ్డులో కార్లను ఆపలేదు. కానీ పక్క ఊళ్ళను కలిపే పోస్టల్ బస్సు ఆ రోడ్డు మీదే నడుస్తుంది, బాటలు మొదలయ్యే చోట్ల ఆగుతుంది. ఊరివాళ్ళు రోజూ ఎక్కే బస్సు కనుక సందర్శకుల సీజను మీద ఆధారపడదు.

తెల్లవారుజాము:

పన్నెండు గంటల బాటకు పది గంటల బస్సు పనికిరాదని మీరు ఒప్పుకున్నాక మన మధ్య దూరం తగ్గింది. ఒక్క చోట మాత్రం నేను కదలను. తెల్లవారుజామున మూడింటికి బస్సు నడపాలంటే డ్రైవర్లు కావాలి, జీతాలు కావాలి, ఆ వేళకు ఎక్కేది పది మందే. ఏదో ఒక ఏడాది డబ్బు చాలక ఆ మొదటి బస్సునే ముందు తీసేస్తారు, కార్లను ఆపిన నియమం మాత్రం అలాగే ఉండిపోతుంది. కనుక నియమంలోనే రాయాలి: మొదటి బస్సు రద్దయిన రోజు గేటు తెరిచి ఉంటుందని.

మలుపుబాట:

ఆ వాక్యాన్ని నా ప్రతిపాదనలో చేర్చుతున్నాను. ఊతకర్ర గారు అడిగిన బల్ల, నీడ కూడా.

ఊతకర్ర:

బల్లకు ఆనుకోవడానికి వెనక చెక్క ఉండాలని కూడా రాయండి. వెనక చెక్క లేని బల్ల మీద అమ్మ పది నిమిషాలు కూడా కూర్చోలేదు.