తవ్వకం కాంట్రాక్టరు బాధ్యత గీసిన గీత వరకేనా, గుంత భద్రత దాకానా?

సైటు ఇంజనీరు (చర్చ ప్రారంభం):

పునాది తవ్వకాన్ని సబ్ కాంట్రాక్టుకు ఇచ్చిన ప్రతిసారీ ఒకే వాదన తలెత్తుతోంది. డ్రాయింగులో చూపిన లోతుకు తవ్వి, మట్టి ఎత్తిపోస్తే తన పని అయిపోయినట్లేనని, ఒడ్డు కూలినా, అడుగున మెత్తటి నేల తగిలినా అది డిజైనరూ ప్రధాన కాంట్రాక్టరూ చూసుకోవలసిన సంగతని తవ్వకం కాంట్రాక్టరు అంటున్నారు. నేను దీన్ని ఒప్పుకోలేను. నేలను అందరికంటే ముందు కళ్లారా చూసేది ఆయనే కనుక, చూసినదాన్ని చెప్పడమూ, ప్రమాదం కనిపిస్తే పని ఆపడమూ ఆయన బాధ్యతే.

2009 జూన్ 27న షాంఘైలో, నిర్మాణంలో ఉన్న 13 అంతస్తుల భవనం నిలువునా పక్కకు ఒరిగి పడిపోయింది. ఒకవైపు భూగర్భ గ్యారేజీ కోసం 4.6 మీటర్ల లోతు తవ్వి, రెండోవైపు దాదాపు 10 మీటర్ల ఎత్తున మట్టి పోశారు. ఆ పక్క ఒత్తిడికి భవనాన్ని మోసే కింది పైళ్లు (నేలలోకి లోతుగా దించిన పునాది స్తంభాలు) విరిగిపోయాయి, ఒక కార్మికుడు ప్రాణం కోల్పోయాడు. మట్టి ఎక్కడ పోస్తున్నామన్నది కేవలం లారీల సౌకర్యానికి సంబంధించిన విషయం కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

స్ట్రక్చరల్ ఇంజనీరు:

షాంఘై ఉదాహరణ సరైనదే కానీ, దాని నుంచి మీరు తీసిన నిర్ణయంతో ఏకీభవించలేను. ఎంత మట్టి ఎక్కడ పోయవచ్చో లెక్కగట్టి చెప్పవలసింది మేము. 2004 ఏప్రిల్ 20న సింగపూర్‌లో నికోల్ హైవే పక్కన సుమారు 30 మీటర్ల లోతు తవ్వకం కూలి నలుగురు మరణించినప్పుడు, విచారణలో బయటపడినవాటిలో ప్రధానమైనది మట్టి లోపలికి కూలకుండా ఆపే ఆనుగోడను, దానికి ఊతమిచ్చే అడ్డదూలాల అతుకులను డిజైనులోనే తక్కువ బలంతో లెక్కించడం. పొక్లెయిన్ నడిపే మనిషి అతుకు బలాన్ని ఎలా పసిగట్టగలడు? బాధ్యతను అందరికీ పంచితే చివరికి అది ఎవరి మీదా నిలవదు.

తవ్వకం కాంట్రాక్టరు:

ఇద్దరూ నా పని గురించే మాట్లాడుతున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. సాయిల్ రిపోర్టు (నేల పరీక్ష నివేదిక) కోసం వేసే బోరు రంధ్రాలు సైటు మొత్తంలో నాలుగైదు చోట్ల, జానెడు వెడల్పైనా లేకుండా వేసినవి. మిగిలిన నేలంతా మొదటిసారి తెరుచుకునేది మా బకెట్ కిందనే. గట్టి నేల మీద పళ్లు గీసుకుంటూ పోతున్నప్పుడు వచ్చే చప్పుడు, ఎప్పుడో పూడ్చిన గుంత తగిలినప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆ తేడా మంచి ఆపరేటరుకు చెవిలోనే తెలుస్తుంది. అందుకే, చూసి చెప్పడం మా పని కాదని నేను అనను.

అయితే చెప్పినందుకు జరిగేదేమిటో వినండి. ఒక సైటులో మూడు మీటర్ల లోతు కందకం తవ్వుతుండగా, అంచుకు రెండు జానల దూరంలో, అంచుకు సమాంతరంగా వెంట్రుకవాసి పగులు కనబడింది. దానికి అటూ ఇటూ రెండు మేకులు దిగ్గొట్టి టేపుతో కొలిచాను. అరగంటలో మేకుల మధ్య దూరం వేలెడు వెడల్పున పెరిగింది. లోపలున్న మనుషులను పైకి రమ్మన్నాను. కాంక్రీటు బండ్లు బయలుదేరాయని, పని ఆపితే ఆ నష్టం నా బిల్లులో కోస్తామని ప్రధాన కాంట్రాక్టరు మనిషి గట్టిగా చెప్పారు. అయినా నేను దింపలేదు. సాయంత్రానికి ఆ ఒడ్డు మొత్తం లోపలికి జారింది. ఘనమీటరు మట్టి టన్నున్నర నుంచి రెండు టన్నుల దాకా తూగుతుంది, అది మీద పడితే ఛాతీకి ఊపిరి తీసుకునే చోటే ఉండదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు యంత్రం ఆగిన గంటలను మాత్రం బిల్లులో కోసేశారు.

ఘనమీటరు లెక్కన డబ్బు ఇస్తే ఆగిన ప్రతి గంటా నాకు నష్టమే. పైగా నేలలో 100 ఘనమీటర్లున్న మట్టి తవ్వి వదులు చేస్తే 120, 130 అవుతుంది. లారీలో కొలుస్తారా, గుంతలో కొలుస్తారా అన్నది కూడా ఒప్పందంలో రాయనివారు, ప్రమాదం చూసి ఆగమని మాత్రం నన్ను అడుగుతారు.

సైటు సూపర్‌వైజరు:

ఒడ్డు సంగతి సరే కానీ, అడుగు భాగాన్ని మరిచిపోతున్నారు. లెవెల్ దాటి తవ్వేసి, ఆ ఖాళీని వదులు మట్టితో నింపి పైపైన చదును చేసిన ఆపరేటర్లను నేను చూశాను. దాని మీద ఫుటింగ్ (స్తంభం కింది పునాది దిమ్మె) వేస్తే తర్వాత అది కుంగుతుంది. చివరి 150 నుంచి 300 మిల్లీమీటర్లు యంత్రంతో కాకుండా, కాంక్రీటు వేసే ముందు చేత్తో తీయించడం, పొరపాటున ఎక్కువ లోతు పోతే ఆ మేరకు సిమెంటు పాలు తక్కువగా ఉండే కాంక్రీటుతో నింపడం ఏ డిజైనరూ దగ్గరుండి చేయించలేడు. ఇది పూర్తిగా తవ్వినవారి నిజాయితీ మీద ఆధారపడిన పని.

సైటు ఇంజనీరు:

మేకుల సంగతి చదివాక నా వాదనలో లోపం ఎక్కడుందో అర్థమైంది. ఆగవలసిన బాధ్యత మీదన్నాను కానీ, ఆగినందుకు అయ్యే ఖర్చు ఎవరిదో చెప్పలేదు. అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య ఫిడిక్ 1999లో ప్రచురించిన ఒప్పంద నమూనాలో, ముందుగా ఊహించలేని నేల పరిస్థితి ఎదురైతే కాంట్రాక్టరు వెంటనే నోటీసు ఇచ్చి, అదనపు గడువూ ఖర్చూ కోరవచ్చునని 4.12 క్లాజు చెబుతుంది. ఆ రక్షణ ప్రధాన కాంట్రాక్టరు దగ్గరే ఆగిపోయి, కింది సబ్ కాంట్రాక్టులో ఒక్క వాక్యంగానైనా కనిపించకపోవడమే అసలు సమస్య.

స్ట్రక్చరల్ ఇంజనీరు గారూ, సింగపూర్ విచారణలోనే మరో విషయం కూడా తేలింది: కూలడానికి ముందే కొలత పరికరాలు హెచ్చరించినా పని ఆగలేదు. డిజైను బాధ్యత మీదేనన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ డిజైను తప్పినప్పుడు మనుషులను పైకి రప్పించగల చివరి వ్యక్తి గుంత అంచున నిలబడినవాడే. మా తర్వాతి ఒప్పందంలో, పగులు గానీ ఊట గానీ రిపోర్టులో లేని మట్టి గానీ కనిపించి యంత్రం ఆగితే, ఆ గంటలకు నిలుపుదల రేటు (యంత్రం ఖాళీగా నిలిచినందుకు ఇచ్చే గంట రేటు) చెల్లించాలన్న షరతు నేనే రాయిస్తాను.

తవ్వకం కాంట్రాక్టరు:

రాయించండి. దానితోపాటు, ఆగమని చెప్పే అధికారం ఆపరేటరుకు కూడా ఉందని రాయించండి, ఎందుకంటే పగులు కనబడిన వేళకు నేను సైటులో ఉండకపోవచ్చు.