ఖాళీ స్టేడియంలో సొంత గ్రౌండ్ బలం ఎందుకు తగ్గింది?

సైడ్‌లైన్_సుధీర్:

కోవిడ్ టైంలో జనం లేకుండా జరిగిన ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఈ మధ్య మళ్లీ పెట్టుకుని చూస్తున్నాను. చూస్తున్నకొద్దీ ఒక సందేహం పట్టుకుంది, ఎంత ఆలోచించినా తేలడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

హోం టీంకి, అంటే సొంత గ్రౌండ్‌లో ఆడే టీంకి, ఉండే బలమంతా జనమే అని ఇన్నేళ్లూ అనుకున్నాం కదా. స్టాండ్స్‌లో వేల గొంతులు ఒక్కసారి లేస్తే వచ్చినవాళ్లకి కాళ్లు ఆడవు, మనవాళ్లకి 85వ నిమిషంలో కూడా లేని ఓపిక వస్తుంది అని. మరి 2020 మే 16న జర్మనీ టాప్ లీగ్ బుండెస్‌లీగా మళ్లీ మొదలైనప్పుడు ఆ రౌండ్‌లో జరిగిన 9 మ్యాచ్‌ల్లో హోం టీం గెలిచింది ఒక్కటంటే ఒక్కటే. డోర్ట్‌మండ్ 4-0తో షాల్కేని కొట్టింది. మిగతా వాటిలో 5 అవే టీంలు (బయటి నుంచి వచ్చి ఆడే టీంలు) గెలిచాయి, 3 డ్రా. 81 వేలమంది పట్టే స్టేడియంలో డోర్ట్‌మండ్ ఆటగాళ్లు మ్యాచ్ అయ్యాక అలవాటు ప్రకారం ఆ పసుపు గోడ స్టాండ్ ముందుకి వెళ్లి నిలబడ్డారు, ఎదురుగా ఒక్క మనిషి లేడు. అది చూస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

తర్వాత ఇంగ్లండ్ టాప్ లీగ్, 2020-21 ప్రీమియర్ లీగ్. సీజన్ దాదాపు మొత్తం ఖాళీ స్టాండ్స్ ముందే నడిచింది, 380 మ్యాచ్‌ల్లో హోం టీంలు గెలిచినవి 144, అవే టీంలు గెలిచినవి 153. ఇంగ్లండ్ టాప్ డివిజన్ చరిత్రలో ఒక సీజన్‌లో అవే విజయాలు ఎక్కువ కావడం అదే మొదటిసారి. లివర్‌పూల్ సంగతి చెప్పనే అక్కర్లేదు, సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో 68 లీగ్ మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడి, 2021 జనవరి 21న బర్న్‌లీ చేతిలో ఓడి, అక్కడి నుంచి సొంత గ్రౌండ్‌లో వరసగా ఆరు ఓడింది.

అంటే జనం లేకపోతే హోం అడ్వాంటేజ్ లేనట్టేనా? లేక ఇంకేదైనా ఉందా? జనంతో పాటు గ్రౌండ్‌లోంచి సరిగ్గా ఏం పోయింది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

అంకెల_ఆనంద్:

మంచి ప్రశ్న. కానీ ముందు లివర్‌పూల్‌ని పక్కన పెట్టండి, అది ఈ వాదనకి సాక్ష్యంగా పనికిరాదు. వాళ్ల డిఫెండర్ వాన్ డైక్ 2020 అక్టోబర్‌లోనే మోకాలు పోగొట్టుకున్నాడు, నవంబర్‌లో గోమెజ్, ఆ తర్వాత మాటిప్. సెంటర్ బ్యాక్‌లు (గోల్ ముందు మధ్యలో కాపలా కాసే డిఫెండర్లు) ముగ్గురూ పోయి మిడ్‌ఫీల్డర్లని తెచ్చి వెనక నిలబెట్టిన టీం అది. స్టాండ్స్ నిండుగా ఉన్నా కొన్ని మ్యాచ్‌లు ఓడేదే. ఒక్క రౌండ్ బుండెస్‌లీగా కూడా అంతే, 9 మ్యాచ్‌లతో ఏమీ తేలదు. పైగా రెండు నెలలు ఆట లేక, సరైన ప్రాక్టీస్ లేక దిగిన టీంలు అవి. దానికి ముందు మార్చి 11న బుండెస్‌లీగా చరిత్రలోనే మొదటి ఖాళీ స్టేడియం మ్యాచ్ జరిగింది, అందులో గ్లాడ్‌బాఖ్ సొంత గ్రౌండ్‌లో కొలోన్‌ని 2-1తో ఓడించింది. దాన్నొక్కదాన్నే పట్టుకుని జనం లేకపోయినా ఏం కాదు అని కూడా అనొచ్చు కదా.

144, 153 అనే అంకెలు మాత్రం గట్టివి, వాటిని కొట్టిపారేయలేం. మామూలు సీజన్లలో ప్రీమియర్ లీగ్‌లో హోం విజయాలు 45 శాతం చుట్టూ ఉంటాయి, ఆ సీజన్‌లో 38కి పడ్డాయి. జనం తిరిగొచ్చిన తర్వాతి సీజన్‌లో హోం విజయాలు మళ్లీ పైకి వచ్చాయి. అయితే ఆ ఏడాది మారింది జనం ఒక్కటే కాదు. సీజన్ సెప్టెంబర్ 12న మొదలైంది, ముందు విశ్రాంతి లేదు, మూడు రోజులకొక మ్యాచ్. అలసిపోయిన టీం ఎదురుదాడి మీద ఆడటమే తేలిక, సొంత గ్రౌండ్‌లో ముందుకొచ్చి ఆడాల్సిన టీంకి అది కుదరదు. మాంచెస్టర్ యునైటెడ్‌నే చూడండి, ఆ సీజన్‌లో బయట ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడలేదు, 12 గెలిచి 7 డ్రా చేసుకుంది. అదే టీం అక్టోబర్‌లో సొంత గ్రౌండ్‌లో టోటెనమ్ చేతిలో 1-6తో ఓడింది.

ఇంకొకటి, హోం అడ్వాంటేజ్ అనేది కోవిడ్ కంటే చాలా ముందు నుంచే కరుగుతూ వస్తోంది. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ 2021 జూన్‌లో అవే గోల్ రూల్ (స్కోరు సమానమైతే బయటి గ్రౌండ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టిన టీంని గెలిపించే నియమం) ఎత్తేసినప్పుడు వాళ్లు చూపించిన లెక్క గుర్తుందా? 1970ల మధ్యలో వాళ్ల పోటీల్లో హోం విజయాలు 61 శాతం, అవే 19. అది 47కి, 30కి వచ్చింది. ప్రయాణాలు తేలికయ్యాయి, గడ్డి, గ్రౌండ్ కొలతలు అన్నిచోట్లా దాదాపు ఒకేలా అయ్యాయి, రిఫరీలకి శిక్షణ పెరిగింది. కాబట్టి జనం పోయారు, బలం పోయింది అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నేను ఒప్పుకోను.

పాత_విజిల్:

నేను పదకొండేళ్లు స్థానిక లీగుల్లో రిఫరీగా చేశాను. సుధీర్ గారు అడిగిన ఆఖరి ప్రశ్న, సరిగ్గా ఏం పోయింది అన్నది, దానికి నా జవాబు ఒక్కటే. పోయింది రిఫరీ మీద ఉండే ఒత్తిడి. ఆటగాళ్ల గురించి ఎంత వాదించుకున్నా తేలదు గానీ ఈ విషయంలో సాక్ష్యం చాలా బలంగా ఉంది.

2002లో నెవిల్ అనే పరిశోధకుడు, ఇంకో ఇద్దరితో కలిసి ఒక ప్రయోగం చేశాడు. అర్హత ఉన్న 40 మంది రిఫరీలని కూర్చోబెట్టి, లివర్‌పూల్, లెస్టర్ మ్యాచ్‌లోని 47 టాకిల్స్ (ఎదుటివాడి దగ్గర బంతి లాక్కోవడానికి కాలు పెట్టిన సందర్భాలు) వీడియోలో చూపించాడు. కొందరికి జనం అరుపులతో, కొందరికి సౌండ్ లేకుండా. అరుపులు విన్నవాళ్లు హోం టీం మీద ఇచ్చిన ఫౌల్స్ 15.5 శాతం తక్కువ. గమనించాల్సింది ఏంటంటే, వాళ్లు అవే టీం మీద ఎక్కువ ఫౌల్స్ ఇవ్వలేదు, హోం టీం మీద ఇవ్వడానికి తటపటాయించారు, అంతే. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే అది నాకు తెలుసు. విజిల్ నోటి దాకా వస్తుంది, అప్పుడే వందమంది ఒకేసారి అరుస్తారు, ఒక్క అర సెకను ఆగుతావు, ఆ అర సెకనులో ఆట ముందుకెళ్లిపోతుంది. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు, ఎవరికీ భయపడలేదు, అయినా తప్పు జరిగిపోయింది. ఒక సెమీఫైనల్‌లో అలా నేను ఇవ్వని ఫౌల్ నుంచే గోల్ వచ్చింది, ఓడిన టీం కెప్టెన్ ఏమీ అనకుండా చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. అది ఇప్పటికీ మర్చిపోలేదు.

కోవిడ్ కంటే ముందే అసలైన మ్యాచ్‌ల్లో కూడా ఇది బయటపడింది. 2007 ఫిబ్రవరి 2న ఇటలీలో కటానియా, పలెర్మో మ్యాచ్ దగ్గర అల్లర్లలో ఒక పోలీసు అధికారి చనిపోయాడు. దాని తర్వాత భద్రత నియమాలకి సరిపోని స్టేడియాల్లో జనాన్ని రానివ్వలేదు, అలా 21 మ్యాచ్‌లు జరిగాయి. ఇద్దరు స్వీడన్ ఆర్థికవేత్తలు వాటిని పరిశీలిస్తే ఆటగాళ్ల ఆటలో పెద్ద తేడా కనిపించలేదు, రిఫరీల తీరులో కనిపించింది. జనం ఉన్నప్పుడు అవే టీం మీద ఉండే కాఠిన్యం జనం లేనప్పుడు తగ్గిపోయింది. కోవిడ్ మ్యాచ్‌ల మీద వచ్చిన పరిశోధనల్లోనూ అదే, గెలుపోటముల దగ్గర ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు గానీ అవే టీంలకి ఎల్లో కార్డులు తగ్గాయన్న దగ్గర చాలావరకు కలిశారు.

స్పెయిన్ లీగ్ మీద చేసిన పని ఇంకొకటి ఉంది, అది ఇంజురీ టైం, అంటే ఆగిన ఆటకి బదులుగా చివర్లో రిఫరీ కలిపే టైం గురించి. హోం టీం ఒక గోల్ వెనకబడి ఉన్నప్పుడు రిఫరీలు కలిపిన టైం, అదే టీం ఒక గోల్ ముందున్నప్పుడు కలిపిన దానికి దాదాపు రెట్టింపు. జర్మనీలో గ్రౌండ్ చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉండి జనం దూరంగా కూర్చునే స్టేడియాల్లో ఈ పక్షపాతం తక్కువని కూడా తేలింది. నాలుగు అడుగులు దూరం జరిగితేనే తేడా వస్తోందంటే, జనం మొత్తం పోతే రాకుండా ఎలా ఉంటుంది?

సైడ్‌లైన్_సుధీర్:

మీ సెమీఫైనల్ సంగతి చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను అన్నా. కానీ వీఏఆర్, అంటే వీడియో చూసి రిఫరీకి సాయం చేసే పద్ధతి, ఉంది కదా? బుండెస్‌లీగాలో 2017 నుంచి, ప్రీమియర్ లీగ్‌లో 2019 నుంచి ఉంది. రిఫరీ తటపటాయించినా స్క్రీన్ ముందు కూర్చున్నవాళ్లు సరిచేస్తారు, వాళ్లకి జనం గోల ఉండదు. అలాంటప్పుడు 2020లో జనం లేకపోవడం వల్ల రిఫరీ దగ్గర అంత తేడా ఎందుకు రావాలి?

పాత_విజిల్:

వీఏఆర్ అప్పట్లో చూసేది నాలుగే: గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకరి కార్డు ఇంకొకరికి ఇవ్వడం. మామూలు ఫౌల్, ఎల్లో కార్డు దాని పరిధిలో లేవు. మ్యాచ్‌ని నడిపేది అవే. 20వ నిమిషంలో అవే టీం డిఫెండర్‌కి ఎల్లో వచ్చిందనుకోండి, మిగతా 70 నిమిషాలు వాడు కాలు చాచడానికి భయపడతాడు, వింగర్ వాడి పక్కనుంచి దూసుకెళ్లిపోతుంటాడు. స్కోరు కార్డులో ఆ నష్టం ఎక్కడా కనిపించదు. మిడ్‌ఫీల్డ్‌లో ఇచ్చే చిన్న చిన్న ఫ్రీకిక్‌లూ అంతే, ఒక్కొక్కటీ చూస్తే ఏమీ కాదు, 90 నిమిషాల్లో కలిపితే ఆట ఎవరి సగంలో జరుగుతోందో అవే తేలుస్తాయి.

నెంబర్_ఫైవ్:

నేను కాలేజీ రోజుల నుంచి డిఫెండర్‌ని, ప్రొఫెషనల్ కాదు. పాత విజిల్ అన్న చెప్పింది నిజమే, కానీ ఆటగాడి వైపు మరీ ఖాళీగా వదిలేశారు.

జనం లేకపోయినా మిగిలేవి కొన్ని ఉంటాయి. సొంత మంచం మీద నిద్ర, ప్రయాణం లేకపోవడం, ఏ మూలన బంతి ఎలా లేస్తుందో కాళ్లకే తెలిసిన గ్రౌండ్. బొలీవియా ఏళ్ల తరబడి లాపాజ్‌లో 3,600 మీటర్ల ఎత్తున ఆడింది, అక్కడ స్టాండ్స్ ఖాళీగా ఉన్నా వచ్చిన టీంకి ఊపిరి ఆడదు. నీవ్, వుల్ఫ్‌సన్ అనే ఇద్దరు 2003లో ఆటగాళ్ల లాలాజలం పరీక్షిస్తే సొంత గ్రౌండ్ మ్యాచ్‌ల ముందు టెస్టోస్టిరాన్ ఎక్కువగా కనిపించింది. మన చోటుని మనం కాపాడుకోవాలన్న పౌరుషం కొంత ఒంట్లోనే ఉంటుందన్నమాట. జనం పెద్దగా రాని అమెచ్యూర్ మ్యాచ్‌ల్లో కూడా హోం అడ్వాంటేజ్ ఉంటుందని జర్మనీ వాళ్లు లెక్కలతో చూపించారు, మా మ్యాచ్‌ల్లో నేను చూసిందీ అదే. టచ్‌లైన్ దగ్గర ఇరవైమంది ఉండేవాళ్లు, అయినా మా గ్రౌండ్‌లో మేం వేరే టీంలా ఆడేవాళ్లం.

ఇంకోటి, జనం ఎప్పుడూ బలమే అనుకోకండి. సొంతవాళ్లే ఉసూరుమంటే ఆ టెన్షన్ చెప్పలేను. రెండు పాస్‌లు తప్పితే మూడోసారి బంతి అడగబుద్ధి కాదు. ఖాళీ స్టేడియంలో కొందరు కుర్రాళ్లు అంత స్వేచ్ఛగా ఆడటానికి ఇది కూడా ఒక కారణమని నా నమ్మకం. పైగా వెనకనుంచి గోల్‌కీపర్ "వదిలెయ్, నాది" అంటే స్పష్టంగా వినిపిస్తుంది, నిండు స్టేడియంలో పక్కనున్నవాడి మాటే వినిపించదు.

అంకెల_ఆనంద్:

విజిల్ అన్న వీఏఆర్ మాట నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. అలసట, గాయాలు రెండు టీంలకీ ఉన్నాయి, కార్డుల తేడాని మాత్రం వాటితో వివరించలేం. నా అభిప్రాయం కొంచెం మార్చుకుంటున్నా: హోం అడ్వాంటేజ్‌లో జనం వాటా ఎంతో సరిగ్గా చెప్పలేం గానీ, ఆ వాటాలో పెద్ద భాగం రిఫరీ ద్వారానే వస్తుంది. నెంబర్ ఫైవ్ చెప్పినవి జనం లేకపోయినా మిగిలినవి. 

సైడ్‌లైన్_సుధీర్:

అందరికీ థాంక్స్. ఈసారి స్కోరు కాదు, ఫౌల్స్ చూస్తాను. విజిల్ అన్నా, ఎలా చూడమంటారు?

పాత_విజిల్:

టీవీలో ముందుగా రికార్డు చేసిన జనం గోల కలిపి చాలా మ్యాచ్‌లు ఇచ్చారు, ముందు సౌండ్ పూర్తిగా తీసెయ్యండి. స్లో మోషన్ వద్దు, మామూలు స్పీడ్‌లోనే చూడండి. టాకిల్ అయిన వెంటనే ఆపి, ఫౌలా కాదా అని కాగితం మీద రాసుకోండి, రిఫరీ ఏమిచ్చాడో ఆ తర్వాతే చూడండి. తర్వాత ఆ రెండు టీంలే అదే గ్రౌండ్‌లో జనం ముందు ఆడిన ఇంకో మ్యాచ్ తీసుకుని, ఈసారి సౌండ్ ఫుల్‌గా పెట్టి ఇదే పని చెయ్యండి. రెండు కాగితాలూ ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.