దామోదరుఁడవె: వెటకారమా, మేలమా?

పాలపిట్ట:
కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలోని పద్యమొకటి, రెండు రోజులుగా వెంటాడుతోంది. "ఆలు నిర్వాహకురాలు భూదేవియై" అని మొదలయ్యేది. ఆలుబిడ్డలు తెచ్చిన ప్రఖ్యాతే తప్ప నీ గొప్పేమిటని దేవుణ్ణి నిలదీసి, "మొదటి నుండియు నీవు దామోదరుఁడ..." అంటాడు. అక్కడ ఆగిపోతున్నాను. తర్వాత 'వె' నా, 'వు' నా? అసలు సందేహం వేరు. మా అమ్మాయికి చెబుతూ "దేవుణ్ణి వెటకారం చేస్తున్నాడు" అన్నాను. అన్నాక మనసొప్పలేదు. ఎగతాళి? ఎకసెక్కం? నిందాస్తుతి (తిడుతున్నట్టే పొగడడం) అని సరిపెట్టకండి, ఇంట్లో వాడే మాట కావాలి.

గణయతి:
'వె'. సందేహమే లేదు. 'వు' అంటే వట్టి సమాచారం. పొడుపంతా ఆ ఎత్వంలోనే ఉంది: దామోదరుడివే, ఇంకేమీ కావు. ఇక ఎకసెక్కం కాదండీ, ఎకసక్కెం.

కృష్ణాతీరం:
గణయతి గారూ, ఛందస్సు మీకు సాయం రాదు. సీసం కింద వచ్చే తేటగీతిలో పాదం చివర సూర్యగణం. రుఁడవె అన్నా రుఁడవు అన్నా మూడు లఘువుల నగణమే. యతి మొ-మోలకు, దానికీ దీనితో పని లేదు. మా తాతగారు 'వు' అనే చదివేవారు, 'నీవు' మీద ఒత్తి. పొడుపు అక్కడ ఉంది.

మొల్లపూలు:
పాలపిట్ట గారు అడిగింది పక్కకు పోయింది. నాకు తోచింది చెబుతాను. ఈ మాటల పక్కన ఏ క్రియ వస్తుందో చూడండి. పరాచికాలు ఆడతాం, సరసమాడతాం, మేలమాడతాం. హేళన, ఎద్దేవా, అపహాస్యం మాత్రం చేస్తాం. 'ఆడు' వచ్చినచోట ఎదుటివాడికీ ఆటలో చోటుంది, తిరిగి ఒక మాట అనవచ్చు. 'చేయు' వచ్చినచోట అతను పడాల్సిందే. మా మేనత్త పెళ్లిళ్లలో వియ్యపురాలి విస్తరి పక్కన నిలబడి "మా వదినగారికి అరిసెలు లెక్కపెట్టి వడ్డించండి, మొన్న నిశ్చితార్థంలో లెక్క తప్పింది" అనేది. పంక్తంతా నవ్వేది, ఆ వదినగారు అందరికన్నా ముందు. అదే మాట వరుస కానివాళ్లు అంటే గొడవే. పురుషోత్తమ కవికి దేవుడితో ఆ వరుస ఉంది. కాబట్టి మేలం.

గణయతి:
ఎకసక్కేలూ ఆడతారు కదండీ? అవి గుచ్చుకోవా? వేళాకోళం ఆడతారు, చేస్తారు కూడా. మీ సూత్రం నిలవదు. పరాచికం మాత్రం పరిహాసకం నుంచే వచ్చిందని నా నమ్మకం. పరియాచకం అన్న రూపం మధ్యలో సాక్ష్యంగా ఉంది.

మొల్లపూలు:
గుచ్చుకుంటాయి. అయినా ఆటే. కోడిపందెంలోనూ గుచ్చుకుంటుంది.

కృష్ణాతీరం:
పద్యం చివర కవి పిలిచే ఆ శ్రీకాకుళాంధ్రదేవుడి సంగతి మరచిపోకండి. ఈ శ్రీకాకుళం జిల్లా కేంద్రమైన శ్రీకాకుళం కాదు, కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలోని ఊరు. రాయలకు కలలో కనబడి తెలుగులో రాయమన్నది ఈ స్వామే. తెలుగు లెస్స అన్న నోటికి జవాబుగా, తర్వాత కాలంలో పక్కనే పుట్టిన కవి ఆ తెలుగులోనే శతకమంతా సీసాల్లో నిలదీశాడు. నాకు తిక్కన తర్వాత ఇంత మాటకారి కనబడడు.

గణయతి:
శ్రీనాథుణ్ణి ఎక్కడ పెడతారు? సరే, అది మరో చర్చ. దామోదరుడి అర్థం తేల్చకుండా 'వె' తేలదు. పొట్టకు తాడు బిగించుకున్న పేదవాడని మా గురువుగారు చెప్పేవారు. అది నింద. విష్ణు సహస్రనామ వ్యాఖ్యానంలో దామములంటే లోకాలు, అవి ఉదరంలో ఉన్నవాడు. అది స్తుతి.

మొల్లపూలు:
పేదవాడెందుకండీ? ఆ తాడు కట్టింది యశోద. రోటికి కట్టబోతే రెండు వేళ్లు తక్కువైన తాడు. భార్యలు భూదేవి, లక్ష్మి చెరో పేరు తెచ్చారు, కొడుకు బ్రహ్మ ఒకటి, కూతురు గంగ ఒకటి. వాళ్లందరినీ పక్కన పెట్టి "నీ సొంతం ఇది" అని చూపించిన పేరూ అమ్మ చేతి చలవే. 'మొదటి నుండియు' అంటే పసితనం నుంచీ అని నేను చదువుకుంటాను.

పాలపిట్ట:
ఇది చదివి ఒళ్లు పులకరించింది. ఇప్పుడే మా అమ్మాయికి చెప్పాను. "అయితే వె అనే ఉండాలి, పాపం" అంది.

కృష్ణాతీరం:
అమ్మాయికి ఆశీస్సులు. 'వు' లోనూ ఆ 'పాపం' ఉంది. పాత ముద్రణ ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పుట ఫొటో పెట్టండి.