దంపతులు నడిపే వంటల వ్యాపారం: ఎవరి మాట ఎక్కడ చెల్లాలి?

ప్రశ్న:
నేనూ నా భర్తా ఉద్యోగరీత్యా చాలా దేశాల్లో నివసించాము. ఉన్న ప్రతిచోటా అక్కడివారి దగ్గర వంటలు నేర్చుకున్నాము. ఇప్పుడు ఒకచోట స్థిరపడి, ఆర్డర్ల మీద వండి పంపే వ్యాపారాన్ని ఇద్దరమే నడుపుతున్నాము. ఒకే వంటను ఇద్దరం వేర్వేరు ఊళ్లలో తిన్నందున దాని అసలు రుచి ఏదన్న విషయంలో మా జ్ఞాపకాలు కలవవు. ఆయన వండిన రోజు ఒకలా, నేను వండిన రోజు మరోలా ఉంటోందని తరచూ కొనేవారు చెబుతున్నారు. తెలిసినవన్నీ పెట్టాలన్న ఆశతో వంటకాల జాబితా కూడా పెరిగిపోయింది. ఇటువంటి వ్యాపారంలో ఉన్న దంపతులు నిర్ణయాలను ఎలా పంచుకుంటున్నారో తెలుపగలరు.

సమాధానం 1:
అసలు రుచి ఏదన్న వాదన ఎప్పటికీ తెగదండి. దానికి బదులు మీ వంటశాల రుచి ఏదో ఇద్దరూ కూర్చుని తేల్చుకుని, కాగితం మీద పెట్టండి. కొలతలను తప్పనిసరిగా గ్రాముల్లోనే రాయండి. సన్న ఉప్పునూ గళ్ల ఉప్పునూ ఒకే చెంచాతో కొలిస్తే బరువులు వేరుగా వస్తాయి, పిండిని అదిమి నింపితే ఒక బరువు, వదులుగా పోస్తే మరొక బరువు ఉంటుంది. ఆపైన ఒక్కో వంటకు ఒక్కరే బాధ్యులుగా ఉండాలి. రెండోవారు ఎంతైనా సలహా చెప్పవచ్చు గానీ, రాసిన కొలతను మార్చే అధికారం మాత్రం ఆ ఒక్కరిదే. మా ఇద్దరి మధ్య వంటింటి వాదనలు తగ్గింది ఈ ఒక్క నియమం వల్లనే.

సమాధానం 2:
మీ జ్ఞాపకాలు రెండూ నిజమే అయి ఉండవచ్చు. సముద్రమట్టం నుండి సుమారు 300 మీటర్లు పైకి వెళ్లినప్పుడల్లా నీరు మరిగే ఉష్ణోగ్రత దాదాపు 1 డిగ్రీ సెల్సియస్ తగ్గుతుంది కనుక, కొండ ఊరిలో నేర్చుకున్న ఉడికే సమయం మైదానంలో ఎక్కువైపోతుంది. గోధుమపిండిలో ప్రోటీన్ ఎక్కువగా ఉంటే అది ఎక్కువ నీటిని పీల్చుకుంటుంది. అందువల్ల ఎక్కడో నేర్చుకున్న కొలతను ఇక్కడి సరుకుతో మళ్లీ సరిచూసుకోవలసిందే.

జాబితాను తగ్గించడం మరింత అవసరమని నా గట్టి అభిప్రాయం. వంటకాలు పెరిగేకొద్దీ సగం వండి నిలవ ఉంచేవి పెరుగుతాయి. సూక్ష్మజీవులు వేగంగా పెరిగేది 5 నుండి 60 డిగ్రీల మధ్యనే. అమెరికా ఫుడ్ కోడ్ (ఆహార భద్రత నియమావళి) ప్రకారం వండిన పదార్థం 57 డిగ్రీల నుండి 21కి రెండు గంటల్లోపు, మొత్తం ఆరు గంటల్లోపు 5 డిగ్రీలకు చల్లబడాలి. ఇద్దరే ఉన్న వంటశాలలో ఇన్ని గిన్నెలను ఇంత నిక్కచ్చిగా గమనించడం కష్టం. ఒకే సరుకుతో రెండు మూడు వంటలు తయారయ్యేవాటిని ఉంచి, ఒక్క వంట కోసమే ప్రత్యేకంగా సరుకు తెప్పించవలసినవాటిని ముందుగా తీసేయండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. గ్రాముల్లో రాసే పని ఈ వారమే మొదలుపెడతాము. ఇద్దరమూ జీతం తీసుకోకుండా, మిగిలినదంతా లాభమని లెక్కిస్తున్నాము, ఇది సరైనదేనా?

సమాధానం 3:
కాదండి. మీ ఇద్దరి శ్రమకు బయటివారిని పెట్టుకుంటే ఎంత ఇవ్వవలసి వచ్చేదో అంత మొత్తాన్ని ఖర్చుగా రాసిన తర్వాత మిగిలినదే లాభం. అలా చూడకపోతే ధరలు తక్కువగా నిర్ణయించుకుంటారు, ఒకరు జబ్బుపడిన నెలలో మరొకరిని పెట్టుకునే స్తోమత ఉండదు. ఆ జీతాలను ఇద్దరి పేర్లతో విడివిడిగా రాయండి. పెట్టుబడిలో ఎవరి వాటా ఎంతో కూడా భాగస్వామ్య పత్రంలో స్పష్టంగా ఉండాలి.